నా పెట్టె తలాపున నల్లబట్టల పిల్ల

వీలునామా

పైన తండ్రి చూస్తుండగా, కింద దస్తావేజు లేఖరి ఉమేష్ రాస్తుండగా, మిర్యాలగూడ రైస్‌మిల్లుల వెనక బస్తీలో సొంత ఇంట్లో ఉంటున్న నేను, ఈదమ్మ, బాప్తిస్మపు పేరు దెబోరా, కీర్తిశేషులు ఎల్లయ్య భార్యను, వయస్సు డెబ్బై ఒక్క సంవత్సరాలు, నా నోటితో చెప్పి రాయించిన మరణశాసనం ఇది.

నా బుద్ధి నా దగ్గరే ఉన్నది. అనుమానమున్నవారు ఇశ్రాయేలు న్యాయాధిపతుల పేర్లు వరసగా అడగండి, తిరగేసి కూడా చెబుతాను. పొద్దున వేసుకున్న బీపీ గోళీ తప్ప ఒంట్లో వేరే మందు లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఇద్దరు ప్రయత్నించారు, వాళ్ల పేర్లు కింద వస్తాయి.

నేను బడికి పోలేదు. మిల్లులో నూకలు చెరుగుతూ, బియ్యం బస్తాల మీద అచ్చు వేసిన పేర్లలోంచి అక్షరాలు ఏరుకున్నాను. ఆ అక్షరాలతో దేవుని వాక్యం చదివాను. చదివాక నోరు ఊరుకోలేదు. ఆటోకు మైకు కట్టించుకొని సూర్యాపేట మార్కెట్ యార్డులో, కోదాడ బస్టాండులో, మిర్యాలగూడ రైలుస్టేషన్ ముందర ప్రకటించాను. ఇంటి పక్కన నా జాగాలోనే రేకుల మందిరం లేపాను. పెద్దవూర నుంచి పాస్టరు గారు నెలకొక్కసారి వస్తారు. మిగతా ఆదివారాలు నేనే.

ఇప్పుడు ఈ కాగితం ఎందుకంటే, పోయిన నెల మా సంఘ కమిటీ ఒక తీర్మానం చేసింది. నా మనవరాలు అక్షిత నల్లబట్టలు మానేదాకా మందిరంలో అడుగుపెట్టరాదట. ఎవరి భూస్థాపనలోనూ పెట్టె దగ్గర నిలబడరాదట. నా గుండె గురించి డాక్టరు చెప్పిన మాట బస్తీలో తెలిసిన వారంలోనే ఈ తీర్మానం వచ్చింది. ఎవరి భూస్థాపనను మనసులో పెట్టుకొని రాశారో ఈ ముసలిదానికి అర్థం కాదనుకున్నారు.

కాబట్టి వినండి. ఈ వీలునామా పంపకాల కోసం పుట్టలేదు. నన్ను మట్టిలో పెట్టే రోజున నా తలాపున ఎవరు నిలబడతారన్నది తేల్చడానికి పుట్టింది. మిగతావన్నీ దాని వెనక నడిచేవే.

1. నా శరీరం.

నా శరీరం మిర్యాలగూడ సమాధుల తోటలో, నా కూతురు గీత పక్కన, మట్టికి చెందవలెను. పెట్టె మామూలు కర్రది చాలు. నాకు స్నానం చేయించి తెల్లచీర కట్టేది అక్షిత. నా తలాపున నిలబడేది అక్షిత. ఏ బట్టల్లో నిలబడాలన్నది ఆమె ఇష్టం.

తెలియనివారి కోసం రాయిస్తున్నాను. అక్షిత నా కూతురు గీత బిడ్డ, వయస్సు ఇరవై మూడు. గీత చనిపోయాక తండ్రి వేరే సంసారం పెట్టుకొని వెళ్లిపోతే నా చేతుల్లో పెరిగింది. సూర్యాపేటలో ఫ్లెక్సీ షాపులో డిజైన్ల పని చేస్తూ అక్కడే రూము కిరాయికి తీసుకొని ఉంటుంది, శనివారం సాయంత్రం బస్సుకు నా దగ్గరికి వస్తుంది. నా శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా ఆమే వేయాలి. మీ ఇళ్ల పుట్టినరోజులు, పెళ్లిరోజులు, చావులు అన్నీ ఆ నల్లగోళ్ల వేళ్లే చేసిపెట్టాయి. సంఘ పెద్ద ఉప్పలయ్య అరవయ్యో పుట్టినరోజుకు ఆయన రోజాపూల మధ్య నుంచి చెయ్యి ఊపుతున్నట్టు కట్టిన ఫ్లెక్సీ ఎవరిదనుకున్నారు? రంగు తెల్లబడేలా చేయమని ఆయనే ఆ పిల్లకు ఫోన్ చేసి అడిగాడు.

2. ఇల్లు.

నేనుంటున్న రెండు గదుల ఇల్లు, వంటిల్లు, ముందున్న చేతిపంపుతో సహా నా కొడుకు శ్రీనుకు చెందవలెను. శ్రీను కోదాడలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాడు. నన్ను బలవంతపెట్టినవారిలో మొదటివాడు వీడే. పోయిన ఆదివారం వచ్చి నా మంచం పట్టె మీద కూర్చొని, "అమ్మా, తెల్లబట్టలు కట్టుకుంటేనే దానికేమైనా ఇస్తానని రాయి. అప్పుడు దెబ్బకి దారికొస్తుంది, చూడు" అన్నాడు.

నీ షరతు రాయిస్తున్నాను నాయనా. తిప్పి రాయిస్తున్నాను. నా భూస్థాపన రోజున అక్షితను ఆమె కట్టుకున్న బట్టల కారణంగా నువ్వు గానీ, నీ భార్య గానీ, మీ తరఫున వేరొకరు గానీ పెట్టె దగ్గర నుంచి లేపితే, ఈ ఇల్లు నీకు చెందదు, అక్షితకు చెందును. చేతిపంపు కూడా.

3. కోడలు వైష్ణవికి.

నా బంగారు కమ్మలు, అద్దం బీరువా. వైష్ణవి మంచిపిల్ల, ప్రతిరోజూ ఫోన్ చేస్తుంది. కానీ రోజూ ఒకటే ప్రశ్న. "అత్తయ్యా, ఆ పిల్ల అలా తిరుగుతుంటే రేపు మా పిల్లలకి సంబంధాలెలా వస్తాయండీ?" అమ్మా వైష్ణవీ, నీ పెద్దవాడు ఐదో తరగతి. చిన్నది రెండో తరగతి, ఇంకా పాలపళ్లన్నీ ఊడనేలేదు. వాళ్లకు సంబంధాలు వచ్చేనాటికి ఎవరు ఏ రంగు కడతారో నువ్వు చూసి వచ్చావా? పెళ్లయితే ఈ పిచ్చి పోతుందని కూడా నువ్వే అన్నావు. నేను మైకు పట్టిన కొత్తలో మా అత్తగారు కూడా, ఇంకో బిడ్డ పుడితే ఈ పిచ్చి పోతుందన్నది. పుట్టింది. పోయిందా?

4. బద్రీనాథ్ సేటుకు.

బద్రీనాథ్ గారు నేను పనిచేసిన మిల్లు యజమాని. నా దేవుడు వేరు, ఆయన దేవుడు వేరు, లెక్కలో మాత్రం ఇద్దరం ఒకటే, ఎవరి సంచి వాళ్లకు చేరాలి. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత ఆయనకు ఇస్తున్నాను. సాక్షి సంతకం కూడా ఆయనే పెడతాడు.

నా నల్ల గొడుగు ఆయనకు రాద్దామనుకున్నాను. కానీ ఉమేష్ ఒక చట్టం చెప్పాడు. వీలునామాకు సాక్షి సంతకం పెట్టిన మనిషికి ఆ వీలునామా కింద ఏమి రాసినా చెల్లదు. సాక్షి అయితే సాక్షే, వారసుడు కాడు. అందుచేత గొడుగును ఈ పూటే సేటు చేతికి ఇచ్చేశాను. ఈ చట్టాన్ని అందరూ గుర్తుపెట్టుకోవాలి. మళ్లీ అవసరం పడవచ్చు.

అక్షిత మొదటిసారి నల్లగౌను, నల్లబూట్లు వేసుకొని మిల్లు గేటు ముందు నుంచి పోయినప్పుడు సేటు గద్దె మీద నుంచి లేచి నిలబడి, "అయ్యో, ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని అడిగాడు. తర్వాతి వారం కూడా నల్లబట్టలే చూసి, పాపం, ఇంట్లో వరసగా పోతున్నారని మా ఇంటికి పాతిక కిలోల బియ్యం పంపాడు. ఇప్పుడు పరాచికానికి అడుగుతాడు. ఆ పిల్ల కూడా, "నిన్న పోయినోళ్లే సేటూ, ఇంక తిరిగొస్తలేరు" అంటుంది. అడిగితే జవాబు వస్తుంది, అడగకుండా ఊహిస్తే పాతిక కిలోల బియ్యం పోతాయి.

5. సంఘానికి.

(ఈ క్లాజు మొదలుపెట్టేసరికి నన్ను బలవంతపెట్టినవారిలో రెండోవాడు, సంఘ పెద్ద ఉప్పలయ్య, పిలవకుండానే వచ్చి, గుమ్మంలో కుర్చీ వేసుకొని, ఫోన్ మాట్లాడుతూ కూర్చున్నాడని రాయమని ఉమేష్‌కు చెప్పాను.)

రేకుల మందిరం, అది నిలబడిన జాగా, సంఘానికి చెందవలెను. పై షరతే దీనికీ వర్తిస్తుంది. మందిరంతో పాటు ఈ కింది జవాబులు కూడా సంఘానికి ఇస్తున్నాను. మూడేళ్లుగా ఇవే ప్రశ్నలు నన్ను అడిగారు. నేను పోయాక ఆ పిల్లను పట్టుకొని అడుగుతారు. ఇగ ఆమె గొంతు అరగకూడదు. ఈ జవాబులు సంఘంలో అందరికీ సమానంగా చెందును, ఎవరూ ఒక్కరే దాచుకోరాదు.

ముందుగా, దాని పేరు గోత్. ఇంగ్లండులో నలభై యాభై ఏళ్ల కిందట ఒక రకం పాటలతో మొదలైంది. ఆ పాటలు మెచ్చినవాళ్లు నల్లబట్టలు, చిక్కటి కాటుక, వెండి ఉంగరాలు, పాత సమాధులు, పాత కట్టడాలు మెచ్చారు. అంతే. దానికి దేవుడు లేడు, దయ్యం లేదు, చందా లేదు.

"సైతానును కొలుస్తదంట గదా దెబోరమ్మా?" ఇది వెనక వరస చెల్లెండ్ల ప్రశ్న. నేను విని ఊరుకునే మనిషినా? సూర్యాపేటకు బస్సెక్కి పోయాను, చేతిలో హ్యాండ్ మైకుతో. బస్టాండు దగ్గరి బేకరీలో వాళ్ల కూటం. చూస్తే ఐదుగురు. మొత్తం మూడు ఊళ్లకు కలిపి ఐదుగురే. ఎగ్‌పఫ్‌లు తింటున్నారు. నేను గుమ్మంలో నిలబడి, మైకు ఆన్ చేసి, "సర్పసంతానమా!" అని కేక వేశాను. మైకు గుర్రుమని ఆగిపోయింది. ముక్కుకు రింగు, కళ్లకు బొగ్గులాంటి కాటుక పెట్టుకున్న పిల్ల, కోదాడ మెడికల్ షాపులో పనిచేసే అమ్మాయి, లేచి వచ్చి, "అమ్మమ్మగారూ, బ్యాటరీ లూజయ్యిందండీ, ఇటివ్వండి" అని సరిచేసి ఇచ్చి, "ఇప్పుడు చెప్పండి" అని కూర్చున్నది. నేను మొత్తం ప్రసంగం చేశాను. ఐదుగురూ విన్నారు. మన మందిరంలో నా ప్రసంగం చివరిదాకా కళ్లు తెరిచి విన్నవాళ్లు ఐదుగురు ఏ ఆదివారం ఉన్నారో ఎవరైనా చెప్పగలరా? ఆ ఐదుగురిలో ఒకడు మంగళవారం హనుమంతుని గుడికి పోతాడు, ఒకామె రంజాను ఉపవాసాలుంటుంది, మనపిల్ల మన వాక్యం చదువుతుంది. వాళ్లందరినీ కలిపింది పాటలే.

పుర్రె ఉంగరం సంగతి అడుగుతారు. మన ప్రభువును సిలువ వేసిన కొండ పేరు ఏమిటి? పుర్రె అని అర్థం వచ్చే పేరు కాదా? గుడ్‌ఫ్రైడే నాడు ఆ కొండ మీద నిలబడి ఏడ్చినట్టు మూడు గంటలు పాడతారు. అదే పుర్రె చిన్నపిల్ల వేలి మీద కనబడితే చెప్పులు వదిలేసి పరుగెత్తుతారు. యెహెజ్కేలును దేవుడు లోయనిండా ఎండిన ఎముకల మధ్యకే తీసుకుపోయాడు. ఆయన పరుగెత్తలేదు.

దయ్యం దిగిందనే మాట కూడా ఇక్కడే తేల్చాలి. ఎండాకాలంలో ఉప్పలయ్య ఆ పిల్లను మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తల మీద చెయ్యి పెట్టి, గట్టిగా అదిమి, దయ్యాన్ని వెళ్లిపొమ్మని గద్దించాడు. కరెంటు పోయింది. రేకుల కింద అందరూ చెమటలు కక్కుతున్నారు. ఆయన చెయ్యి తీసేసరికి అరచెయ్యి నల్లగా, తెల్లచొక్కా చేతులు మోచేతిదాకా నల్లగా ఉన్నాయి. "దిగింది! దిగింది!" అని జనం లేచి నిలబడ్డారు. దిగింది నిజమే. సూర్యాపేట ఫ్యాన్సీ షాపులో కొన్న జుట్టు రంగు దిగింది. చెమటకు. అక్షిత లేచి, "మామా, సబ్బుతోని పోదది, కొబ్బరినూనె పెట్టు" అన్నది. మూడు వారాలు ఆయన చేయి వెనక పెట్టుకొని ప్రార్థన చేశాడు.

"రక్తం తాగుతరంట గదా?" ఈ పుకారు బీట్‌రూట్ జ్యూస్‌తో మొదలైంది. అక్షిత పదో తరగతి నుంచి మాంసం ముట్టదు, కోడిగుడ్డు దగ్గరే ఆగిపోయింది. కానీ అపొస్తలులు యెరూషలేములో కూర్చొని, రక్తం తినవద్దని సంఘాలకు చెప్పి పంపారు, అదీ ఒక కమిటీ తీర్మానమే. ఆ తీర్మానం తెలిసి కూడా ఆరాధన కాగానే మేక రక్తం వేపుడు ఎవరింట్లో ఉడుకుతుందో బస్తీ అంతటికీ వాసన తెలుసు. ఆ ఇంటి పెద్ద పేరు ఈ కాగితంలో ఇప్పటికే చాలాసార్లు వచ్చింది.

"పిల్లకు మనసు బాగలేదు, ఏదో ఒకరోజు ఏమన్న చేసుకుంటది." ఇది అన్నవారు ప్రేమతోనే అన్నారు, కాబట్టి దీనికి నవ్వుతూ జవాబివ్వను. నాక్కూడా ఆ భయం కలిగింది. ఒక ఆదివారం అన్నం పెడుతూ సూటిగా అడిగాను, "బిడ్డా, సచ్చిపోవాలని ఉందా?" అని. ఆ పిల్ల ముద్ద చేతిలోనే పట్టుకొని నన్ను చూసింది. "లేదమ్మమ్మా. బతకాలనే ఉంది. గిట్లనే బతకాలనుంది" అన్నది. ఇంకొంచెం చారు వేయించుకున్నది. దిగులుపాటలు వినేవాళ్లందరూ దిగులుతో లేరు. దావీదు ఎన్ని ఏడుపుపాటలు కట్టాడు! రాజ్యం ఏలలేదా? అన్నిటినీ నవ్వుముఖంతో మింగే మనుషులను చూస్తేనే నాకు భయం.

"ఎండకు నల్లబట్టలేంది, తల్కాయ గిర్రున తిరగదా?" తిరుగుతుంది. ఆ పిల్లే ఒప్పుకుంటుంది. కానీ మే నెలలో మిట్టమధ్యాహ్నం కోదాడలో జరిగిన పెళ్లికి కోటు, టై, దాని లోపల బనియను వేసుకొని నిలబడి, ప్రమాణాల దగ్గరికొచ్చేసరికి సొమ్మసిల్లింది మన శ్రీను కాదా? అది ఎవరి దేశపు బట్ట? కోర్టులో వకీళ్లు ఏడాదంతా నల్లకోటే వేస్తారు. వాళ్ల తల మీద చెయ్యి పెట్టి ఎవరూ గద్దించరు. గద్దించవలసిన వాళ్లు లేక కాదు.

ఇక తెలుపు గురించి. తెలుపు పరిశుద్ధమని, నలుపు పాపమని కమిటీ రాసింది. ప్రభువు పరిసయ్యులను ఏమన్నాడు? సున్నం కొట్టిన సమాధులన్నాడు. పైకి తెలుపు, లోపల ఎముకలు. సున్నం ఏ రంగు, కమిటీ వారూ?

6. సమాధుల తోట.

సున్నం మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. నా సున్నం డబ్బా, కుంచెలు, గీకుడు బిళ్ల సమాధుల తోటకు చెందవలెను, అక్షిత చేతికింద ఉండవలెను.

నవంబరు రెండున సమాధుల పండుగకు మనం ఏటా సమాధులకు సున్నం వేస్తాం. పిల్లలు తొందరలో పేర్ల మీద కూడా వేసేస్తారు. ఏడాదికొక పొర, ఏడాదికొక పొర, చివరికి పేరు మూసుకుపోతుంది. ఎవరిది ఏదో గుర్తుమీద నడుస్తుంది. నీళ్లట్యాంకు నుంచి మూడోది, గోడ నుంచి నాలుగోది, అలా.

అక్షిత, ఆమె స్నేహితులు ఈ ఏడాదంతా ఆదివారం సాయంత్రాలు తోటలో కూర్చొని మంత్రాలు చేస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. చేస్తున్నది మంత్రాలు కాదు, పాత టూత్‌బ్రష్‌లతో పేర్ల మీది సున్నం గీకి, అక్షరాలకు నల్లరంగు దిద్దుతున్నారు. అలా దిద్దుతూ నీళ్లట్యాంకు నుంచి మూడో సమాధికి వచ్చారు. అది ఉప్పలయ్య తల్లి రంగమ్మది, మనం రంగి అని పిలిచేవాళ్లం. పండుగ వస్తే ఉప్పలయ్య ఆ సమాధి మీద పడి, "అమ్మా, నన్నిడిసిపెట్టి పోతివా" అని ఏడిస్తే చూసేవాళ్లకు కూడా కన్నీళ్లు ఆగేవి కావు. బంతిపూల దండ, కొవ్వొత్తులు, అగరుబత్తి కట్ట.

సున్నం గీకితే హేమ్లా అని వచ్చింది. కింద రైల్వే గ్యాంగ్‌మన్ అని వచ్చింది.

పెళ్లాంపిల్లలు లేని మనిషి హేమ్లా. ఎవరూ రాని సమాధి. పన్నెండేళ్లుగా ఒక కొడుకు వచ్చి అమ్మా అని ఏడుస్తుంటే ఆయన పరదైసులో ఏమనుకున్నాడో తెలియదు, దండ మాత్రం అందుకున్నాడు. అసలు రంగి ఇంకా రెండు సమాధుల అవతల, గోడ పక్కన, పిచ్చిమొక్కల కింద ఉన్నది. అక్షిత ఆ మొక్కలు పీకి, రంగి పేరు నల్లగా, చక్కగా దిద్ది, ఉప్పలయ్యను చాటుకు పిలిచి చెప్పింది. చాటుకు పిలిచి చెప్పింది, ఇది గమనించండి. నేనైతే మైకులో చెప్పేదాన్ని. కమిటీ తీర్మానం ఆ తర్వాతి మంగళవారం వచ్చింది.

ఉప్పలయ్య ఈ పండుగకు తల్లి దగ్గర కొవ్వొత్తి పెట్టాడు, అది నేను చూశాను. హేమ్లాకు మాత్రం ఈసారి ఎవరూ పెట్టలేదు. అలవాటుపడ్డ మనిషి. ఇకమీదట ఏటా హేమ్లా సమాధికి ఒక దండ, ఒక కొవ్వొత్తి ఉప్పలయ్య పెట్టవలెనని కోరుతున్నాను. ఏడవనవసరం లేదు.

7. మైకు సెట్టు.

యాంప్లిఫయరు, రెండు హారన్లు, కార్డ్‌లెస్ మైకు, స్టాండు, బ్యాటరీ, వైర్లతో సహా ఉప్పలయ్యకు చెందవలెను.

ఈ వాక్యం ఉమేష్ గట్టిగా చదివినప్పుడు ఉప్పలయ్య ఫోన్ చెవి మీద నుంచి తీసి, "స్తోత్రం!" అని, ఈ సంగతి ఆటో అతనికి చెప్పడానికి బయటికి పోయాడు. దీని తర్వాత రాసింది ఆయన వినలేదు. లోపలికి వచ్చాక మళ్లీ చదివించాను. ఫోన్ చెవికి పెట్టుకొనే, "ఇన్నక్కా, ఇన్న" అని నాకు చెయ్యి ఊపాడు.

ఆయనకు ఎందుకిస్తున్నానో చెబుతాను. న్యాయం న్యాయమే. ఆ హారన్లు ఆటోకు కట్టింది, వానలో తన చొక్కా విప్పి యాంప్లిఫయరు మీద కప్పింది ఉప్పలయ్యే. కానీ ఒక షరతు ఉన్నది. గీతను మట్టిలో పెట్టిన రోజు, పన్నెండేళ్ల అక్షిత అమ్మ కోసం ఒక పాట పాడతానని మైకు అడిగింది. "పెద్దలు మాట్లాడినంక" అన్నాడు ఉప్పలయ్య. పెద్దలు మాట్లాడారు, ఒకరి తర్వాత ఒకరు, వాళ్లలో ఆయన రెండుసార్లు. మాటలు అయ్యేసరికి మట్టి కప్పేశారు. ఆ పిల్ల ఆ పాట పాడలేదు. ఆ రోజు నుంచి ఈ రోజుదాకా మా మందిరంలో ఏ పాటా పాడలేదు, పెదవులు కదుపుతుంది. నల్లబట్టలకు ముందే ఆ పిల్ల నోరు మూసింది మనం.

కాబట్టి నా భూస్థాపనలో పెద్దలు మాట్లాడక ముందు మైకు అక్షితకు ఇవ్వాలి. ఒక పాట. ఏ పాటన్నది ఆమె ఇష్టం. ఇది ఒప్పుకుంటేనే మైకు సెట్టు ఉప్పలయ్యది.

8. అక్షితకు.

నా తెల్లచీరలన్నీ, నాకు కట్టే ఒక్కటి మినహా. ఆ పిల్ల బట్టలు విదేశాల నుంచి వేలు పోసి తెప్పిస్తుందని కొందరి లెక్క. సంఘమా, మూడేళ్లుగా మీరు గుడ్లప్పగించి చూస్తున్న ఆ నల్లగౌన్లు నా పాత చీరలు. పెరట్లో పొయ్యి మీద అల్యూమినియం దేగిసాలో రంగుపొట్లం వేసి, ఉప్పు వేసి, కర్రతో కలిపి, చీర ముంచేది. ఆ మంట ఊదింది నేను. ప్రార్థన చేయించుకోవడానికి వచ్చిన మీరే, "ఏం వండుతున్నవ్ దెబోరమ్మా, మంచిగ వాసనొస్తలేదు" అని అడిగారు. ఇరవై ఏళ్లు నేను కట్టుకొని మోకరించిన చీరలో దయ్యం ఎక్కడ నుంచి వచ్చింది? రంగుపొట్లంలోంచా?

దేగిసా కూడా అక్షితకే. నేను గీతలు గీసుకున్న పరిశుద్ధ గ్రంథం అక్షితకే. గీత చిన్నప్పటి వెండిపట్టీలు అక్షితకే. అవి నల్లబడి ఉన్నాయి, తోమించాలా వద్దా అన్నది నువ్వే చూసుకో బిడ్డా.

9. మిగిలినవి.

పైన పేర్కొనని నా సామాను యావత్తూ, మరియు పై ఏ క్లాజు కింద ఇచ్చినదైనా ఏ కారణం చేతనైనా చెల్లకుండా పోతే అది కూడా, అక్షితకే చెందవలెను. ఈ మాట తప్పనిసరిగా ఉండాలని ఉమేష్ అన్నాడు. చదువుకున్నవాడు, ఊరికే అనడు.

10. సాక్షుల గురించి.

మొదటి సాక్షి బద్రీనాథ్ గారు వచ్చి కూర్చున్నారు, గొడుగు ఒళ్లో పెట్టుకొని. రెండో సాక్షిగా కోదాడ కాటయ్య సారును రమ్మన్నాను. ఆయన ఎక్కిన బస్సు హుజూర్‌నగర్ దగ్గర ఆగిపోయిందట, ఇంకో బస్సుకు వస్తున్నాడు. ఆగుదామన్నాను.

ఉప్పలయ్య ఆగలేదు. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. జేబులోంచి తన పెన్ను తీశాడు. నేను మొదటిసారి చెప్పాను, "ఉప్పలయ్యా, నువ్వు పెట్టకు, సారు వస్తున్నడు." "సారెందుకక్కా, నేను లేనా" అన్నాడు. రెండోసారి చెప్పాను, "నాలుగో క్లాజు ఒకసారి సదువుకో తమ్మీ." "నువ్వు రాపిస్తే నేను సదువుడేంది, నమ్మకం లేదా నీ మీద" అన్నాడు. బద్రీనాథ్ సేటు కూడా, "పెద్దాయనా, సాక్షి పెడితే నీకు..." అని మొదలుపెట్టాడు. "సేటూ, ఇది మా సంఘం కాగితం. పెండ్లయినా, బాప్తిస్మమైనా, చావైనా, ఈ సంఘంల నా సంతకం లేని కాగితం ఒక్కటన్న ఉన్నదా? నువ్వు జర జరుగు" అన్నాడు. మూడోసారి నేను, "వద్దురా" అన్నాను. "నా సంతకం లేకుంటే ఆ పిల్ల గిట్ల రేపు ఈ కాగితం దొంగదంటది, నీ మంచికే చెప్తున్న" అన్నాడు.

దేవుని దూత కత్తి దూసి దారికి అడ్డంగా నిలబడితే బిలాము ఎక్కిన గాడిద మూడుసార్లు ఆగింది. మూడుసార్లూ బిలాము దాన్ని కొట్టాడు. ఈ గదిలో గాడిదను నేనే. ఆగవలసినన్ని సార్లు ఆగాను.

ఇగ రాయి ఉమేషూ. సంతకం పెట్టనివ్వు. తొమ్మిదో క్లాజు ఉండనే ఉన్నది.

అక్షితా, బిడ్డా. మైకు చేతికి వచ్చాక హలో హలో అని ఊదకు, బ్యాటరీ తింటది. హారన్లు గోడవైపు తిప్పకు, గీతకు కూడా వినబడాలి. ఉప్పలయ్య మామ మైకు అడిగితే లేదనకు, ఇయ్యి. నువ్వు పాడినంక.

ఇది వేలిముద్ర కాదు, నా ఇష్టపూర్వకంగా, నవ్వాపుకుంటూ పెట్టిన సొంత చేతిరాత సంతకం.

మిర్యాలగూడ, నవంబరు 14, 2025, శుక్రవారం.

(సంతకం) ఈదమ్మ, దెబోరా

ఈదమ్మ గారు మా ఎదుట సంతకం చేయగా, ఆమె ఎదుట మేము సంతకం చేసిన సాక్షులం:

1. బద్రీనాథ్, రైస్‌మిల్లు యజమాని, మిర్యాలగూడ

2. ఉప్పలయ్య, సంఘ పెద్ద, మిర్యాలగూడ

రాసినది: ఉమేష్, దస్తావేజు లేఖరి. రెండో సాక్షి తన సొంత పెన్నుతో, రెండుచోట్ల, అడగకుండానే సంతకం చేశారు.